సలేశ్వరంలో చైత్రపు నీళ్లు

చైత్ర పౌర్ణమి నాటికి నల్లమల ఎండిపోయి ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే రోడ్డుకు రెండు వైపులా రాలిన ఆకులే. అగ్గిపుల్ల పడితే చాలన్నట్టు ఉంటుంది అడవి. వాగుల్లో గులకరాళ్లు తప్ప తడి కనిపించదు. సరిగ్గా ఆ ఎండల్లోనే వేల మంది జనం ఫరహాబాద్ దగ్గర రోడ్డు దిగి, అడవిలోపలికి పోయి, బండ్లు ఆగిపోయిన చోటి నుంచి కాలినడకన సలేశ్వరం లోయలోకి దిగుతారు. లింగమయ్యను పిలుస్తూ దిగుతారు. వెళ్లొస్తామని ఆయనకు చెప్పుకుంటూ ఎక్కుతారు. దిగేకొద్దీ రెండు పక్కల రాతిగోడలు దగ్గరవుతాయి, ఆకాశం ఒక చీలికలా మిగులుతుంది. చివరికి, అంత ఎత్తున్న గోడ మీది నుంచి నీళ్లు పడుతూ కనిపిస్తాయి. చల్లటి నీళ్లు. ఆ నీళ్లకింద తడిసి, గుహలోని లింగమయ్య దగ్గరికి పోతే అక్కడ పూజారి ఈ అడవి ఆదివాసి, చెంచు.

నేను మొదటిసారి ఆ నీళ్లకింద నిలబడినప్పుడు భక్తితో పాటు ఒక సందేహం కూడా నన్ను పట్టుకుంది. పైన నడిచి వచ్చిన దారిలో చుక్క నీరు లేదు. వాన పడి నెలలయింది. మరి ఇవెక్కడివి?

జవాబు ఈ అడవిని మోస్తున్న అమ్రాబాద్ పీఠభూమిని కట్టిన రాయిలో ఉంది. ఆ రాయిని అర్థం చేసుకుంటే నీళ్ల సంగతే కాదు, ఈ కొండ ఎందుకింత నిటారుగా ఉంది, తేనెపట్టు ఎందుకు ఆ గోడకే పడుతుంది, యురేనియం కోసం ఇక్కడికే ఎందుకు వచ్చారు, 2025లో ఈ గట్టు కింది సొరంగం లోపల ఏం జరిగింది అన్నవన్నీ ఒకే దారానికి అందుతాయి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పాఠం సగం అక్కడే అయిపోతుంది. కల్వకుర్తి, డిండి దాకా దారి పొడవునా కనిపించేవి గ్రానైటు గుట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రటి గుండ్లు, మధ్యలో తుమ్మచెట్లు. హాజీపూర్ చేరేసరికి దక్షిణాన ఒక నల్లటి గీత లేస్తుంది. దగ్గరికి పోయేకొద్దీ అది గోడ అవుతుంది. దాని పైభాగం తాడు పట్టి గీసినట్టు సమంగా ఉంటుంది. శిఖరం ఉండదు. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగి పైకెక్కాక మళ్లీ చదునైన నేలే వస్తుంది. కొండ ఎక్కాం, కానీ కొండ కొన మీద లేం. ఒక పెద్ద అరుగు మీద ఉన్నాం. మన్ననూరు, అమ్రాబాద్, పదర ఊళ్లూ పొలాలూ ఈ అరుగు కింది మెట్టు మీద ఉన్నాయి. ఫరహాబాద్, అప్పాపూర్ పెంటలు, అంటే చెంచు గూడేలు, పై మెట్టు మీద ఉన్నాయి. అటవీ సిబ్బంది దాన్ని అప్పర్ ప్లాటో అనే అంటారు.

కింద చూసిన గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అప్పట్లో అది భూమి లోతుల్లో గడ్డకట్టిన శిల. తర్వాత కోట్ల ఏళ్ల పాటు పైనున్నదంతా కొట్టుకుపోయి అది నగ్నంగా బయటపడింది. ఎండకు పగిలింది, వానకు మెత్తబడింది. ఆ మెత్తబడిన గ్రానైటు మీదికి ఒక సముద్రం వచ్చింది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ఆ పల్లం నెలవంక ఆకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ గుర్రాల మీదా, కాలినడకనా తిరిగి 1872లో దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ పల్లానికి ఉత్తరపు కొసన, తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో ఇసుక పొరలు పొరలుగా పేరుకుంది. అడుగున గులకరాళ్లు, కొంత బురదమట్టి, వాటిపైన ఇసుక, మళ్లీ ఇసుక. ఆ ఇసుక రేణువుల మధ్య సిలికా చేరి వాటిని అతికించింది. శ్రీశైలం క్వార్ట్‌జైటు అని పిలిచేది ఆ రాయినే.

ఇది జరిగి వంద కోట్ల ఏళ్లు దాటి ఎంతో కాలమైంది. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు. అయినా ఆ నీళ్ల జాడ చెరిగిపోలేదు. ఈ రాతి పలకల మీద అక్కడక్కడా అలల గుర్తులు ఉంటాయి, చెరువు ఒడ్డున నీరు తీసినప్పుడు బురద మీద మిగిలే సన్నటి వరుసల్లాంటివి. అరచేత్తో తడిమితే వేళ్లకు తగులుతాయి. ఏ కంటికీ కనబడకుండా ఒక అల వచ్చి పోయిన గుర్తు అది. చెప్పులేసుకుని దాని మీద నడవాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

మామూలు ఇసుకరాయిని సుత్తితో కొడితే రేణువుల మధ్య అతుకు వీడి ఇసుకగా రాలుతుంది. క్వార్ట్‌జైటుకు అతుకూ రేణువూ ఒకటే గట్టిదనం, అందుకే పగులు రేణువుల్ని చీల్చుకుంటూ పోతుంది. వాననీటికి అది కరగదు, మట్టిగా మారదు. గ్రానైటు అలా కాదు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని వాననీరు మెల్లగా బంకమట్టిగా మార్చేస్తుంది. అంటే అమ్రాబాద్ గట్టు అంచులో పైన అరగని రాయి, కింద అరిగే రాయి ఉన్నాయి. కింది పొర లోపలికి తినేసుకుపోతే పైనున్న బండకు ఆధారం పోతుంది. బండలో అప్పటికే నిలువు పగుళ్లు ఉన్నాయి. ఒక రోజు ఆ పగులు వెంబడే పెద్ద దిమ్మ ఊడి కింద పడుతుంది. గోడ మళ్లీ కొత్తగా, మళ్లీ నిటారుగా నిలుస్తుంది. మామూలు గుట్ట అరిగేకొద్దీ వాలుగా, గుండ్రంగా తయారవుతుంది. ఈ గోడ మాత్రం అరిగేకొద్దీ వెనక్కి జరుగుతుందే కానీ వాలదు. ఇలా గట్టిరాయి టోపీ పెట్టుకుని, చుట్టూ నిటారు గోడలతో, పైన చదునుగా ఉండే కొండను ప్రపంచమంతా మేసా అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు బల్ల అని అర్థం.

అంచు వెనక్కి జరిగిందనడానికి సాక్ష్యాలు నల్లగొండ జిల్లా వైపు ఉన్నాయి. చిత్రియాల, లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ప్రధాన పీఠభూమి నుంచి విడిపోయిన చిన్న చిన్న బల్లకొండలు నిలబడి ఉన్నాయి. అదే గ్రానైటు అడుగు, అదే క్వార్ట్‌జైటు టోపీ. ఒకప్పుడు అంతా ఒకటే పరుపు. వాగులు మధ్యలో కోసుకుపోగా ఈ ముక్కలు తల్లికొండకు దూరంగా మిగిలిపోయాయి.

ఇలాంటి బల్లకొండల్లో ఒకటి అమెరికాలోని న్యూమెక్సికోలో జూనీ అనే ఆదివాసుల ఊరి పక్కన ఉంది. పేరు దోవా యలాన్నె, మొక్కజొన్న కొండ అని అర్థం. అక్కడిది డైనోసార్ల కాలపు ఇసుకరాయి, మన రాయి ముందు పసిబిడ్డ. కానీ పైకెక్కిన మనుషుల కథ చెప్పుకోదగ్గది. 1540లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన స్పెయిన్ సేనాని కొరొనాడో జూనీ ఊరి మీద పడ్డప్పుడు జనం ఆ కొండెక్కారు. 1680లో ప్యూబ్లో తెగలన్నీ కలిసి స్పెయిన్ పాలన మీద తిరగబడ్డాక మళ్లీ ఎక్కి, పైనే ఇళ్లు కట్టుకుని, 1692లో వర్గాస్ అనే గవర్నరు వచ్చి మాట్లాడేదాకా అక్కడే ఉన్నారు. ప్రళయమొచ్చినప్పుడు తమ పూర్వీకులు దాని మీదే తలదాచుకున్నారనీ, వరద తీయడం కోసం బలిచ్చిన పిల్లలిద్దరే ఆ కొండ పక్కనున్న రాతి స్తంభాలయ్యారనీ జూనీల పురాగాథ.

అమ్రాబాద్ గట్టు కూడా ఆశ్రయమే. మన్ననూరు దగ్గర అంచు మీద ప్రతాపరుద్రుని కోట గోడలు ఇంకా కనిపిస్తాయి. కోట కట్టినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, మూడు వంతుల గోడ ప్రకృతే కట్టి పెట్టింది. అయితే ఈ కొండను కోటలా కాక ఇల్లులా వాడుకున్నది చెంచులు. జూనీలకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేని సొంత భాష ఉంది. చెంచులు మాట్లాడేది మన తెలుగే, వాళ్లదైన యాసతో. వేల ఏళ్లుగా కింది మైదానాల్లో నాగలి దున్నుతుంటే, రాజ్యాలు మారుతుంటే, పైన వాళ్లు గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడి బతికారు. అంచెక్కి నాగలి పై మెట్టు దాకా రాకపోవడానికి నిటారు గోడ ఒక కారణమైతే, పైనున్న పలచటి మట్టి రెండో కారణం. క్వార్ట్‌జైటు మట్టిగా మారదని చెప్పుకున్నాం కదా. జొన్న పండేంత నేల తయారుకాలేదు. అడవి పెరిగేంత మాత్రం తయారైంది.

ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో ఇక్కడికొచ్చి పెంటల్లో ఉండి, చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. పెంట అంటే చెంచుల గూడెం. దోమలపెంట, ఈగలపెంట అన్న పేర్లు విని బయటివాళ్లు నవ్వుతుంటారు కానీ, ఆ మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఇల్లూ వాకిలీ.

చెంచుల తిండిలో ఒక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. చింతపండును వాళ్లు బూడిదతో కలిపి తింటారు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది, అది క్షారం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. రెండూ కలిస్తే పులుపు విరిగిపోతుంది, కడుపునిండా తినగలిగే పదార్థమవుతుంది. గడ్డలు దొరకని ఎండాకాలంలో అది ఆకలి తీర్చే ఉపాయం. న్యూమెక్సికో ప్యూబ్లో ప్రజలు కూడా నీలి మొక్కజొన్న పిండిలో జునిపర్ చెట్టు బూడిద కలుపుతారు. వాళ్లది వేరే అవసరం, గింజలోని పోషకాలు ఒంటికి పట్టడానికి. క్షారం పనిచేసే తీరు మాత్రం ఇక్కడైనా అక్కడైనా ఒకటే. చదువురాని జనం అని కింది ఊళ్లవాళ్లు తేలిగ్గా అనేసే మనుషులు రసాయన శాస్త్రాన్ని నాలుక మీద పెట్టుకుని చూశారు.

తేనె సంగతి నేరుగా గోడకు సంబంధించినది. కొండల్లో గూడుకట్టే పెద్ద తేనెటీగ ఒకటే ఒక పట్టు వేలాడదీస్తుంది, బయటి గాలిలోనే. దానికి వాన తగలని చూరు కావాలి, ఎలుగుబంటికి అందని ఎత్తు కావాలి. కింది పొర లోపలికి తినేసుకుపోగా పైన చూరులా ముందుకు పొడుచుకొచ్చిన బండ కంటే మంచి చోటు ఇంకేముంటుంది? ఒక్కో గోడకు పదుల పట్లు వేలాడతాయి. చెంచులు చీకటి పడ్డాక నారతో, తీగలతో పేనిన తాడు దించి, పొగబెట్టి, లోయ మీద వేలాడుతూ పట్టు కోస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలంటారు. తన అక్క లేక చెల్లెలి మాంగల్యం ఆ తాడుకే కట్టి ఉంది కాబట్టి అతని చేయి వదలదని నమ్మకం. గట్టు అంచు చుట్టరికాల్లోకి కూడా చొరబడింది.

ఇక నీళ్ల దగ్గరికి.

వర్షాకాలంలో పీఠభూమి మీద పడ్డ వానకు రెండు దారులున్నాయి. బోడి బండ మీద పడితే జారిపోయి గంటల్లో వాగుల్లో కలుస్తుంది, కృష్ణకు పోతుంది. ఆకులు పరుచుకున్న అడవి నేల మీద పడితే ఆగుతుంది. ఆగిన నీరు కిందికి దిగి రాతిని చేరుతుంది. క్వార్ట్‌జైటు తనంతట తాను నీరు పీల్చుకోదు. కానీ దానికి నిలువుగా పగుళ్లున్నాయి, అడ్డంగా పొరల మధ్య సందులున్నాయి. నీరు నిలువు పగుళ్లలో దిగి, అడ్డ సందుల్లో పాకి, మళ్లీ దిగి, చివరికి కింద బిగుతుగా ఉన్న మట్టిపొర మీదో గ్రానైటు మీదో ఆగిపోతుంది. ఇంక దిగడానికి వీల్లేదు. పక్కకు నడవాల్సిందే. అలా నడిచి నడిచి కొండ అంచుకో, లోయ గోడకో చేరినప్పుడు బయటపడుతుంది. దారి సన్నం, ప్రయాణం నిదానం. అందుకే శ్రావణంలో పడ్డ నీరు ఎండాకాలంలో కూడా ఊరుతూనే ఉంటుంది.

అంచు పొడవునా తీర్థాలు ఎందుకు వెలిశాయో ఇప్పుడు చెప్పొచ్చు. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఉమామహేశ్వరం, కొండ నడుమ పొడుచుకొచ్చిన బండ చూరు కింద ఉంది. పాపనాశనం నీరు రాతిలోంచే వస్తుంది. వటవర్లపల్లి దగ్గర మెట్లు దిగి చేరే మల్లెల తీర్థం కూడా లోయ గోడ మీదిదే. సలేశ్వరమూ అంతే. మన పెద్దలు నీరు దొరికిన చోట దేవుణ్ని నిలిపారని ఊరికే అనడం వేరు. రాయి రాయితో కలిసే గీత వెంట, చూరూ నీరూ ఒకే చోట దొరికే స్థలాలను వాళ్లు ఎంత కచ్చితంగా పట్టుకున్నారో పటం మీద చూడటం వేరు. భూగర్భ శాస్త్రవేత్త ఎర్ర పెన్సిలుతో గీసే గీతను యాత్రికులు పాదాలతో గీశారు.

ఆ గీత మీదనే ఇంకొకటి కూడా చేరింది. పాత గ్రానైటులో అతి కొద్ది పాళ్లలో యురేనియం ఉంటుంది. ఆక్సిజన్ కలిసిన నీరు దాన్ని కరిగించి మోసుకుపోతుంది. ఆక్సిజన్ లేని చోటు, దాన్ని లాగేసుకునే ఖనిజాలున్న చోటు తగిలితే యురేనియం మళ్లీ గడ్డకట్టి అక్కడే ఉండిపోతుంది. గ్రానైటుకూ, దానిపైన గులకరాతి పొరకూ మధ్య ఉన్న హద్దు అలాంటి చోటు. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల బల్లకొండల కింద దొరికిన యురేనియం ఆ హద్దు దగ్గరిదే. అదే హద్దు అమ్రాబాద్ కింద కూడా సాగిపోతుంది కాబట్టి చూపు ఇటు తిరిగింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా జనం లేచారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

అన్వేషణ అంటే వందల బోరు రంధ్రాలు. బోరు అంటే నిలువు పగులు, మనిషి చేసింది. వేరు వేరు పొరల్లో వేరు వేరుగా నడుస్తున్న నీళ్లను అది కలుపుతుంది. యురేనియం ఉన్న హద్దూ, ఊటనీరు నడిచే హద్దూ ఒకటే అయినప్పుడు ఆందోళన పడినవాళ్లను అభివృద్ధి వ్యతిరేకులు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. జూనీల ప్రాంతానికి ఉత్తరాన, చర్చ్ రాక్ అనే చోట 1979 జూలై 16న యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువుకు కట్ట తెగి, దాదాపు 35 కోట్ల లీటర్ల విషపు నీరు ప్వెర్కో నదిలో కలిసింది. నవాహో ఆదివాసులు గొర్రెలకు తాపే నీళ్లవి. బల్లకొండల దేశాల్లో ఈ కథ ఇదివరకే ఒకసారి జరిగింది.

పీఠభూమి లోపలి నీటి సంగతి ఇటీవల మనం మరో విధంగా తెలుసుకున్నాం. శ్రీశైలం జలాశయం నీటిని నల్లగొండ పొలాలకు పంపడానికి దోమలపెంట నుంచి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం ఈ గట్టు అడుగు నుంచి తొలుస్తూ వచ్చారు. ఇంత పొడవు సొరంగానికి మామూలుగా మధ్యలో పైనుంచి బావుల్లాంటివి తవ్వి దారులు పెడతారు. పైన పులుల అడవి ఉండటంతో అది కుదరలేదు, రెండు కొసల నుంచే తొలుచుకుంటూ పోయారు. 2025 ఫిబ్రవరి 22 ఉదయం, దోమలపెంట వైపు నుంచి 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలింది. నీరూ బురదా రాళ్లూ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. 8 మంది లోపలే చిక్కుకుపోయారు, ప్రాణాలతో ఎవరూ బయటికి రాలేదు. పొట్టకూటి కోసం ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. తర్వాత వారాల తరబడి వెతుకులాట సాగుతున్నంత సేపూ లోపల నిమిషానికి వేల లీటర్ల నీరు ఊరుతూనే ఉంది. తోడేకొద్దీ వచ్చింది. క్వార్ట్‌జైటు ఉక్కులాంటి రాయే. కానీ అది పగిలి నలిగిన మండలాల్లో నీరు నిండి ఉంటుంది. వందల మీటర్ల లోతున ఆ నీరు గట్టి ఒత్తిడిలో ఉంటుంది. పైనుంచి చూస్తే అక్కడ అడవి తప్ప ఏమీ కనిపించదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పులి పేరున కాపాడుతున్న ఆ అడవి చేసే పని ఇంకొకటి ఉంది, వానను ఆపి రాతి పగుళ్లకు అందించడం. రాలిన ఆకు కాలిపోయిన చోట తొలకరి వాన మట్టిని కడిగేస్తుంది, మట్టి పోయాక బండ తేలుతుంది, బండ మీద నీరు ఆగదు. సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు ఆర్పకుండా పారేసిన ఒక బీడీ ముక్క, అదే జాతరలో కొన్నేళ్ల తర్వాత పడాల్సిన నీటిని తగ్గించగలదు. దిగే దారిలో వదిలేసిన ప్లాస్టిక్ సీసాలు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఒకసారి జ్యేష్ఠంలో, తొలకరి పడిన మధ్యాహ్నం, ఫరహాబాద్ అంచున నిలబడ్డాను. పావుగంట కుండపోత. దూరంగా లోయలు తెల్లటి పొగతో నిండాయి. వాన ఆగి ఎండ రాగానే బండలు ఆవిర్లు కక్కాయి. కాసేపటికి పైన తడి అన్నదే లేదు. బండ మధ్యలో వేలు పట్టేంత పగులు ఒకటి ఉంటే వంగి చెవి పెట్టాను. లోపల ఎక్కడో, చాలా కిందగా, చుక్క మీద చుక్క పడుతోంది.